బడ్జెట్ తక్కువైతే గేమ్ రెండో భాగం పాడవుతుందా? సంక్రాంతి గడువు పెట్టిన స్పాన్సర్ డబ్బు తీసుకోవచ్చా?

ముందు మీ ప్రశ్న నాకెలా అర్థమైందో చెబుతాను. మీరు నలుగురు ఒంగోలులో ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో ఉన్నారు. ఎడ్ల బండలాగుడు పోటీల మీద ఒక చిన్న మొబైల్ గేమ్ చేశారు, జనం బాగానే ఆడారు. ఇప్పుడు రెండో భాగానికి చీమకుర్తి గ్రానైట్ వ్యాపారి ఒకాయన 8 లక్షలు ఇస్తానన్నారు. సంక్రాంతికి గేమ్ రావాలి, బండ మీద ఆయన కంపెనీ పేరు ఉండాలి, గేమ్‌లో ఒక క్వారీ లెవెల్ కూడా ఉండాలి అన్నారు. మీకేమో ఈసారి త్రీడీ చేయాలని, ఆన్‌లైన్ పోటీలు పెట్టాలని, ఆరు ఊళ్ళు చూపించాలని ఉంది. పెద్ద కంపెనీల సీక్వెల్సే బడ్జెట్ దెబ్బకి, మేనేజ్‌మెంట్ దెబ్బకి పాడవుతుంటే మా గతేంటి అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే: డబ్బు తక్కువైనందుకు సీక్వెల్ పాడవదు. గేమ్ ఎంత ఉండాలో తేల్చుకుని పని మొదలుపెట్టాక డబ్బో, గడువో, పైవాళ్ళ ఆలోచనో మారితే పాడవుతుంది. మీకు 8 లక్షలు, ఏడు నెలలు అని ముందే తెలిసింది. ఆ లెక్కన చాలా పెద్ద స్టూడియోల కంటే మీ పరిస్థితి మెరుగు. డబ్బు తీసుకోండి. కానీ గేమ్‌ని ఆ డబ్బుకు తగ్గట్టు ఈ జూన్‌లోనే కోసుకోండి. డిసెంబర్‌లో కోయాల్సి వస్తే కోతలు గేమ్‌లో కనబడతాయి.

నా సంగతి కూడా రెండు మాటల్లో. మాది కావలి. చెన్నైలో గేమ్ స్టూడియోల్లో ఆర్టిస్టుగా చేరి తర్వాత ప్రొడ్యూసర్ అయ్యాను, ఇప్పుడు ఇంటి నుంచే అదే పని చేస్తున్నాను, అవసరమైనప్పుడు పినాకిని రైల్లో వెళ్ళొస్తాను. గేముల్లో ప్రొడ్యూసర్ అంటే ఎవరి పని ఎప్పటికి అవ్వాలి, చేతిలో డబ్బు ఎన్నాళ్ళు వస్తుంది అని చూసుకునేవాడు. మా బంధువులకు మాత్రం సినిమా ప్రొడ్యూసరే తెలుసు కాబట్టి పెళ్ళిళ్ళలో కనిపిస్తే అప్పు అడుగుతుంటారు.

ముందు ఖర్చు ఎక్కడ అవుతుందో చూద్దాం. గేమ్ బడ్జెట్‌లో పెద్ద భాగం జీతాలే. అమెరికా స్టూడియోల్లో మనిషికి నెలకు 10 వేల డాలర్లు అనే మోటు లెక్క చాలా ఏళ్ళు నడిచింది. జీతం, ఆఫీసు, కంప్యూటర్లు, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి. 100 మంది రెండేళ్ళు పనిచేస్తే 2.4 కోట్ల డాలర్లు. ఇప్పుడు ఆ లెక్క ఇంకా పెరిగింది. కాబట్టి బడ్జెట్ తగ్గిందంటే మనుషులు తగ్గాలి, లేదా నెలలు తగ్గాలి. మూడో దారి లేదు.

మొదటి భాగంలో తయారైన సరుకు ఉంది కదా, రెండోది చవగ్గా అయిపోతుంది అని పెట్టుబడి పెట్టేవాళ్ళు అనుకుంటారు. రొయ్యల చెరువులున్న ఊళ్ళవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. చెరువు తవ్వకం ఒక్కసారే, కానీ రెండో పంటకి సీడ్, మేత, ఏరేటర్ల కరెంటు మళ్ళీ మొదటి నుంచే. 2023లో వచ్చిన 'మార్వెల్స్ స్పైడర్ మ్యాన్ 2'కి దాదాపు 30 కోట్ల డాలర్లు ఖర్చయినట్టు ఆ స్టూడియో నుంచి లీకైన కాగితాల్లో బయటపడింది. 2018లో వచ్చిన మొదటి భాగానికి అయిన ఖర్చుకు అది దాదాపు మూడింతలు. న్యూయార్క్ నగరం అప్పటికే తయారై ఉన్నా అంత అయింది. ఈ మూడింతల ఖర్చు ఆడేవాడికి కనిపిస్తోందా అని వాళ్ళలో వాళ్ళే ఆ కాగితాల్లో ప్రశ్న వేసుకున్నారు. మంచి ప్రశ్న. మీరు కూడా ప్రతి ఫీచర్ ముందు అదే వేసుకోవాలి.

సీక్వెల్‌లో ఏది మార్చడం చవక, ఏది ఖరీదు అన్నది తెలిస్తే సగం పని అయినట్టే. అంకెలు మార్చడం చవక: ఎద్దు బలం, బండ బరువు, నేల జారుడు, టైము. ఉన్న బొమ్మకు రంగు, వెలుతురు మార్చడం కొంచెం ఖర్చు. కొత్త రూల్ పెట్టడం ప్రోగ్రామర్ టైము తింటుంది కానీ అదుపులో ఉంటుంది. కొత్త యానిమేషన్, కొత్త ఊరు, కొత్త గొంతు, ఇవి ఖరీదు. అన్నిటికంటే ఖరీదు ఇద్దరు ఆటగాళ్ళ ఫోన్లను నెట్‌లో కలపడం, ఎందుకంటే ఆ ఖర్చు గేమ్ రిలీజ్ అయ్యాక కూడా ఆగదు.

ఇక పాతదాన్నే మళ్ళీ వాడే విషయం. అందరూ తిట్టేది దీన్నే, కానీ తిట్టాల్సింది దీన్ని కాదని నా అభిప్రాయం. రెండు ఉదాహరణలు పక్కపక్కన పెట్టి చూడండి.

నింటెండో 1998లో 'జెల్డా: ఒకారినా ఆఫ్ టైమ్' తెచ్చింది. అదే గేమ్‌ని అటూఇటూ మార్చి ఇంకో వెర్షన్ చేయమంటే డిజైనర్ అయొనుమాకు మనసొప్పలేదు. అయితే ఒక్క ఏడాదిలో కొత్త గేమ్ చేసి చూపించు అన్నాడు జెల్డా సృష్టికర్త మియామొటో. పాత ఇంజిన్ (గేమ్‌ని లోపల నడిపించే సాఫ్ట్‌వేర్), పాత్రల పాత బొమ్మలు తీసుకుని 2000లో 'మజోరాస్ మాస్క్' తెచ్చారు. ఆ గేమ్‌లో మూడు రోజులకు చంద్రుడు వచ్చి లోకం మీద పడతాడు. ఆటగాడు కాలాన్ని వెనక్కి తిప్పి మళ్ళీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టాలి. ఊరు చిన్నదే, కానీ అందులో మనుషులు ఏ గంటకి ఎక్కడుంటారో, ఎవరితో మాట్లాడతారో రాసి ఉంటుంది. అదే వీధిలోకి వేరే గంటలో వెళ్తే వేరే కథ దొరుకుతుంది. అంత పెద్ద లోకాన్ని మళ్ళీ కట్టే టైము లేదని మొదటి రోజే తెలుసు కాబట్టి, ఉన్న కాస్త చోటునే పదిసార్లు తిరగాలనిపించేలా గేమ్‌ని ఆలోచించారు.

రెండోది 'డ్రాగన్ ఏజ్ 2'. మొదటి భాగం 2009 నవంబర్‌లో వచ్చింది, ఇది 2011 మార్చిలో. మధ్యలో పదహారు నెలలు. అంత పెద్ద కథల గేమ్‌కి ఇది చాలా తక్కువ. ఒకే నగరంలో పదేళ్ళ కథ చెప్పాలన్న ఆలోచన వరకు బాగుంది, నాకు చాలా నచ్చింది కూడా. దెబ్బ తిన్నది గుహల దగ్గర. ఒకే గుహ మ్యాప్‌ని తీసుకుని ఒకసారి ఈ తలుపు, ఇంకోసారి ఆ తలుపు రాయితో మూసేసి, వేరు వేరు గుహలని చూపించారు. పక్కన చిన్న మ్యాప్‌లో మాత్రం మూసేసిన భాగం కూడా కనబడుతూనే ఉంటుంది. ఆడేవాడికి దొరికిపోయారు.

రెండు గేముల్లోనూ పాత సరుకే వాడారు. ఒకటి ఇది అదే చోటు, కానీ వేరే టైము అని ఒప్పుకుంది. ఇంకొకటి ఇది వేరే చోటు అని నమ్మించబోయింది. పాత సరుకు వాడండి, కానీ కొత్తదని అబద్ధం చెప్పకండి. సెగా వాళ్ళ 'యాకూజా' సిరీస్‌లో కమురోచో అనే ఒకే పేట భాగం తర్వాత భాగంలో వస్తుంది. ఎవరూ ఫిర్యాదు చేయరు, పైగా పోయినసారి ఇక్కడున్న కొట్టు ఏమైందో చూద్దామని వెళ్తారు. ఎందుకంటే కథలోనే అది హీరో తిరిగొచ్చే పేట.

ఇప్పుడు మేనేజ్‌మెంట్ సంగతి. ఆటగాళ్ళు ఊహించుకునేది ఏంటంటే, కోటు వేసుకున్న ఒకాయన వచ్చి మంచి ఐడియాలను చంపేస్తాడని. అలాంటోళ్ళు ఉంటారు, కాదనను. కానీ ఎక్కువసార్లు గేమ్‌ని వంచేది మనిషి కాదు, క్యాలెండర్. పైన చెప్పిన 'డ్రాగన్ ఏజ్' వెనకున్న ఈఏ కంపెనీకి ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. 'డ్రాగన్ ఏజ్ 2' 2011 మార్చి, 'మాస్ ఎఫెక్ట్ 3' 2012 మార్చి, 'మాస్ ఎఫెక్ట్: ఆండ్రోమెడా' 2017 మార్చి. మార్చిలో అమ్మితే ఈ ఏటి లెక్కలో పడుతుంది, ఏప్రిల్‌లో అమ్మితే వచ్చే ఏటికి పోతుంది. ఇంకో మూడు నెలలిస్తే గేమ్ బాగుపడుతుందని అందరికీ తెలిసినా అది కుదరకపోవడానికి ఇలాంటి కారణాలుంటాయి.

ఇందులో బాగా నేర్చుకోదగింది అబ్సిడియన్ అనే స్టూడియో అనుభవం. వేరేవాళ్ళు హిట్ చేసిన గేములకు రెండో భాగాలు చేసి పేరు తెచ్చుకున్నారు వీళ్ళు. 2003లో బయోవేర్ చేసిన 'స్టార్ వార్స్: నైట్స్ ఆఫ్ ది ఓల్డ్ రిపబ్లిక్'కి రెండో భాగం వీళ్ళ చేతికొచ్చింది. 2004 క్రిస్మస్ సీజన్‌కి రావాలి. వచ్చింది. కానీ డ్రాయిడ్ల (రోబోల) గ్రహం ఒకటి మొత్తం గేమ్‌లోంచి ఎగిరిపోయింది, చివరి అంకం ముక్కలైంది, కొన్ని పాత్రల కథలు మధ్యలో తెగిపోయాయి. గేమ్ ఫైళ్ళలో మిగిలిపోయిన ఆ ముక్కలను ఏరి ఆటగాళ్ళే ఏళ్ళ తరబడి కష్టపడి తిరిగి అతికించారు. కథ రాసినవాళ్ళు పెద్ద గేమ్ అనుకునే రాశారు, కోత చివర్లో పడింది. చివర్లో పడే కోత ఎప్పుడూ గేమ్ చివరి భాగం మీదే పడుతుంది, ఎందుకంటే మొదటి భాగం అప్పటికే తయారై ఉంటుంది కదా. ఏ గేమ్‌లోనైనా మొదటి మూడు గంటలు మెరిసిపోయి చివరి మూడు గంటలు నీరసంగా ఉంటే ఇదే జరిగిందనుకోండి.

అదే స్టూడియో 2010లో 'ఫాలౌట్: న్యూ వెగాస్' చేసింది. టైము ఏడాదిన్నరే. కానీ ఈసారి బెథెస్డా వాళ్ళ 'ఫాలౌట్ 3' ఇంజిన్, దాని వస్తువులు, తుపాకులు, మనుషుల కదలికలు చాలావరకు రెడీగా ఉన్నాయి. వీళ్ళు తమ టైమంతా కథలో, ఆటగాడి నిర్ణయాలకు వచ్చే ఫలితాల్లో పెట్టారు. రిలీజ్ రోజున బగ్గులు బోలెడు, అయినా ఇప్పటికీ చాలామంది 'ఫాలౌట్ 3' కంటే ఇదే గొప్పదంటారు. దానికో చేదు తోక కూడా ఉంది. రివ్యూల సగటు 85 వస్తే బోనస్ ఇస్తామని ఒప్పందం ఉండగా 84 వచ్చిందని ఆ స్టూడియో రచయితల్లో ఒకాయనే తర్వాత బయటపెట్టారు. ఒక్క మార్కుతో బోనస్ పోయింది. ఒప్పందంలో మీ చేతిలో లేని అంకె మీద డబ్బు ఆధారపడేలా ఎప్పుడూ రాసుకోకండి. స్పాన్సర్‌గారు లక్ష డౌన్‌లోడ్లు వస్తేనే చివరి వాయిదా అంటే ఒప్పుకోవద్దు.

ఇంజిన్ గురించి ఒక్క మాట. 'ఆండ్రోమెడా'కి ఫ్రాస్ట్‌బైట్ ఇంజిన్ వాడారు. అది మొదట 'బ్యాటిల్‌ఫీల్డ్' లాంటి తుపాకీ గేముల కోసం పుట్టింది. పాత్రలు, సామాన్లు, సంభాషణలు నడిపే పనిముట్లు అందులో లేవు, అవన్నీ కొత్తగా కట్టుకోవాలి. ఐదేళ్ళ ప్రాజెక్టులో అసలు గేమ్ ఎక్కువ భాగం చివరి ఏడాదిన్నరలోనే తయారైందని తర్వాత పత్రికల్లో వచ్చింది. ముఖాల యానిమేషన్ మీద జనం ఎంత నవ్వుకున్నారో మీకు గుర్తుండే ఉంటుంది. సీక్వెల్‌కి ఇంజిన్ మార్చడమంటే సీక్వెల్ అనే సౌకర్యాన్ని సగం వదులుకోవడమే.

నేను దగ్గర్నుంచి చూసింది ఒకటి చెబుతాను. పేర్లొద్దు. ఒక మొబైల్ బైక్ రేసింగ్ గేమ్‌కి రెండో భాగం. పని సగం దాటాక పబ్లిషర్ దగ్గర, అంటే డబ్బు పెట్టి గేమ్‌ని విడుదల చేసే కంపెనీలో, పెద్దాయన మారాడు. కొత్తగా వచ్చినాయన, ఆన్‌లైన్ లేని గేమ్ ఎవడాడతాడు, అది పెట్టాల్సిందే అన్నాడు. ఆయన మాటలో తప్పేం లేదు, అప్పుడు మార్కెట్ అటే పోతోంది. కానీ తేదీ అదే, మనుషులు వాళ్ళే, డబ్బు అంతే. ప్రోగ్రామర్లు ట్రాకుల పని వదిలేసి సర్వర్ పనికి వెళ్ళారు. చివరికి ఒంటరిగా ఆడే రేసులు సగానికి పడిపోయాయి, ఆన్‌లైన్ కూడా అరకొరగానే వచ్చింది. మొదటి గేమ్‌లో ఉన్న ట్రాకులు కూడా ఇందులో లేవేంటి అని ప్లే స్టోర్ నిండా ఒక్క స్టార్ రివ్యూలు. కొత్త ఫీచర్ వచ్చినప్పుడు దాని బదులు ఏది తీసేస్తున్నాం అన్న ప్రశ్న ఆ మీటింగుల్లో ఎవరో ఒకరు గట్టిగా అడగాలి. మా టీమ్ లీడ్ అడిగింది కూడా, రెండూ చేసేద్దాం అని జవాబొచ్చింది.

అంతకుముందు నేను ఆర్టిస్టుగా ఉన్నప్పుడు విదేశీ స్టూడియోలకు బొమ్మల పని చేసిపెట్టేవాళ్ళం. ఇళ్ళు, బండ్లు, చెట్లు, డబ్బాలు. అక్కడి బడ్జెట్ కోతలు వార్తల్లోకి రాకముందే మాకు తెలిసిపోయేవి, అసెట్ లిస్టు, అంటే మేం చేయాల్సిన బొమ్మల జాబితా, చిక్కిపోయేది. మొదట ఒక వీధిలో ప్రతి ఇంటికీ వేరే ముఖం అడిగేవాళ్ళు. తర్వాత మెయిల్‌లో, రెండు రకాలు చాలు, మిగతావి రంగు మార్చి వాడతాం అనేవాళ్ళు. ఆ తర్వాత, లోపలి గదులొద్దు, తలుపులు మూసి ఇవ్వండి అని. ఆటలో తెరుచుకోని తలుపులు చూసినప్పుడల్లా నాకు ఆ మెయిళ్ళే గుర్తొస్తాయి.

మరి పరిమితి లేకపోతే అద్భుతాలు జరుగుతాయా? 'డ్యూక్ న్యూకెమ్ ఫరెవర్' కథ చూడండి. 1997లో ప్రకటించారు. మొదటి గేముల మీద వచ్చిన డబ్బు చేతిలో ఉంది, గడువు అడిగేవాడు లేడు, పూర్తయినప్పుడే వస్తుంది అని గర్వంగా చెప్పుకునేవాళ్ళు. బయట మంచి టెక్నాలజీ వచ్చినప్పుడల్లా ఇంజిన్ మార్చారు, చేసింది పక్కన పడేశారు. 2009లో టీమ్‌నే ఇంటికి పంపాల్సి వచ్చింది. వేరే స్టూడియో చేతుల మీదుగా 2011లో వచ్చింది, అప్పటికి ఆడేవాళ్ళ అభిరుచే మారిపోయింది. పద్నాలుగేళ్ళ తర్వాత వచ్చిన ఆ గేమ్‌ని విమర్శకులు ఉతికేశారు.

డబ్బు సరైన టైములో వస్తే మేలు చేస్తుంది, దానికీ సాక్ష్యం ఉంది. 'సైకోనాట్స్ 2'కి మొదట జనం నుంచి చందాగా, పెట్టుబడిగా 38 లక్షల డాలర్ల పైచిలుకు వచ్చింది. అది సరిపోక బాస్ ఫైట్లు, అంటే పెద్ద విలన్లతో పోరాటాలు, తీసేశారు. 2019లో మైక్రోసాఫ్ట్ ఆ స్టూడియోను కొన్నాక వాటిని తిరిగి పెట్టగలిగారు, 2021లో గేమ్ వచ్చింది. గమనించాల్సింది ఏంటంటే, వాళ్ళు తీసేసినవి విడిగా తీసి విడిగా పెట్టగలిగిన ముక్కలు. మీ గేమ్‌లో కూడా ముందే కొన్ని ముక్కల్ని తీసేయగలిగేలా కట్టుకోండి. ఒక్క ఊరు తగ్గితే గేమ్ కూలిపోయేలా కథ రాసుకోకండి.

ఇక మీ గేమ్. మొదట తేల్చుకోవాల్సింది: కొత్త యాప్ పెట్టాలా, పాతదానికే అప్‌డేట్ ఇవ్వాలా? మొబైల్‌లో కొత్త యాప్ అంటే పాత రేటింగులు, పాత ఇన్‌స్టాళ్ళు రావు, సున్నా నుంచి మొదలు. అందుకే మొబైల్ గేమ్ కంపెనీలు సీక్వెల్ నంబరు వేయడానికి వెనకాడతాయి. చెన్నై నెక్స్ట్‌వేవ్ వాళ్ళ 'వరల్డ్ క్రికెట్ చాంపియన్‌షిప్' రెండో గేమ్ 2015లో వస్తే మూడోది 2020లో వచ్చింది, మధ్యలో అప్‌డేట్లే. మీ విషయంలో స్పాన్సర్‌కి కొత్త గేమ్ కావాలి కాబట్టి కొత్త యాపే పెట్టండి. కానీ పాత యాప్ ఓపెన్ చేయగానే రెండోది వచ్చిందని చెప్పే బోర్డు ఒకటి పెట్టండి. పైసా ఖర్చు లేని ప్రచారం.

డబ్బు లెక్క. 8 లక్షల్లో రెండు లక్షలు పక్కన పెట్టండి: సౌండ్, రికార్డింగ్, టెస్టింగ్‌కి రెండు మూడు చవక ఫోన్లు, కొంచెం ప్రచారం, ఊహించని ఖర్చులు. మిగిలింది 6 లక్షలు. తలా నెలకు 20 వేలు తీసుకుంటే నెలకు 80 వేలు. ఏడున్నర నెలలు వస్తుంది. ఇంచుమించు సంక్రాంతితోనే అయిపోతుంది, ఆ తర్వాత బగ్గులు సరిచేసే నెలకి చేతిలో ఏమీ ఉండదు. కాబట్టి మీ దగ్గరున్నది ఐదారు నెలల గేమ్ చేసే డబ్బు అనుకోండి. నవంబర్ చివరికి కొత్త పని ఆగిపోవాలి. డిసెంబర్ అంతా టెస్టింగ్, అదీ 3 జీబీ ర్యామ్ ఫోన్లలో. ఆ పోటీలు చూసేవాళ్ళ చేతుల్లో ఉండేవి అవే. గూగుల్ రివ్యూకి వారం పట్టవచ్చు, ఒక్కోసారి ఎక్కువ కూడా, కాబట్టి సంక్రాంతి ముందు రోజు అప్‌లోడ్ చేసే పని పెట్టుకోవద్దు.

త్రీడీ వద్దు. మీ మొదటి గేమ్‌లో అందరూ మెచ్చుకున్నది గిత్తలు మోకాళ్ళు వంచి బలం తీసే కదలిక అని మీరే రాశారు. అది గీయడానికి మీ ఆర్టిస్టుకి ఎన్నాళ్ళు పట్టి ఉంటుందో నాకు తెలుసు. త్రీడీకి వెళ్తే అది చెత్తబుట్టలోకి పోతుంది. ఆన్‌లైన్ కూడా వద్దు. దాని బదులు, ఒకరి స్కోరు ఇంకొకరికి పంపి "నా జత ఇన్ని అడుగులు లాగింది, నువ్వు లాగు చూద్దాం" అనే సవాల్ చాలు. అది వాట్సాప్‌లో పంపే ఒక లింకు.

ఆరు ఊళ్ళు కూడా వద్దు. ఒక్క మైదానం పెట్టుకుని టైము పెంచండి. మీ ఆటలోనే దానికి దారి ఉంది. నిజం పోటీలు ఎడ్ల పళ్ళను బట్టి, అంటే వయసును బట్టి, విభాగాలుగా జరుగుతాయి కదా: పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆపైన సీనియర్స్. మొదటి భాగంలో వీటిని ఒట్టి లెవెల్ పేర్లుగా వాడేశారు. రెండో భాగంలో ఒకే జతను పాలపళ్ళ నుంచి సీనియర్స్ దాకా పెంచమనండి. సైజు, బలం, ఓపిక మారతాయి. అవి అంకెలే, బొమ్మ అదే. పోటీకీ పోటీకీ మధ్య మేత, వ్యాయామం, విశ్రాంతి ఎలా పంచాలో ఆటగాడు తేల్చుకోవాలి. అది ఒక మెనూ స్క్రీన్ పని. కానీ ఆడేవాడికి ఆ జత తనదనిపిస్తుంది, అది త్రీడీ వల్ల రాదు.

అదే మైదానానికి వానపడ్డ బురద నేల, రాత్రి ఫ్లడ్‌లైట్లు, తిరునాళ్ళ జనం, ఇవన్నీ వెలుతురు, రంగు, జారుడు అంకె. డబ్బు ఒక్కచోట ధారాళంగా పెట్టమంటే మైకు కామెంట్రీ మీద పెట్టమంటాను. పోటీల్లో నిజంగా మైకు పట్టేవాళ్ళలో ఒకరిని అడిగి రెండు రోజులు రికార్డు చేయించండి, ఆయనకు మర్యాదగా డబ్బివ్వండి, గొంతు వాడుకునేందుకు ఒక కాగితం మీద సంతకం తీసుకోండి. ఆ గొంతు ఒక్కటి మీ గేమ్‌కి ఐదు ఊళ్ళంత పని చేస్తుంది.

ఇంకో చిన్న విషయం. బ్రెజిల్‌లో మన ఒంగోలు జాతి పశువుల సంతతి కోట్లలో ఉంది, అక్కడ వాటిని నెలోర్ అనే అంటారు. స్టోర్ పేజీ ఒక్కటి పోర్చుగీసులో పెట్టి చూడండి. పోయేదేం లేదు.

ఒప్పందంలో ఏం ఉండాలి. ఆ 8 లక్షలు అప్పా, వాటానా, స్పాన్సర్‌షిప్పా అన్నది మొదటి లైన్లోనే రాయాలి. పెద్దమనిషి, తెలిసినాయన, నోటిమాట చాలు అనుకోవద్దు, ఆయనకూ రాతే మంచిది. స్పాన్సర్‌షిప్ అయితే గేమ్ హక్కులు మీ నలుగురివే. కాపీరైట్ బదిలీ రాతపూర్వకంగా ఉంటేనే చెల్లుతుంది, కాబట్టి సంతకం పెట్టే ముందు ఆ కాగితంలో అలాంటి వాక్యం దూరిందేమో చూసుకోండి. మీ నలుగురి మధ్య కూడా ఒక కాగితం ఉండాలి. క్యాంపస్‌లో ఒకరికి ఉద్యోగం వచ్చి హైదరాబాద్ వెళ్ళిపోతే ఆయన వాటా ఏంటి, ఆయన పని ఎవరు చేయాలి? మీ వయసు టీముల్లో బడ్జెట్ కంటే ముందు వచ్చే దెబ్బ ఇదే.

డబ్బు నాలుగు విడతలుగా అడగండి. సంతకానికి కొంత, ఒక పోటీ మొదటి నుంచి చివరిదాకా ఆడగలిగినప్పుడు కొంత, కొత్త పని ఆగినప్పుడు కొంత, రిలీజ్ అయ్యాక చివరిది. సంక్రాంతి తప్పితే ఏంటన్నది కూడా ముందే రాసుకోండి. బండలాగుడు పోటీలు శివరాత్రికి, ఉగాదికి, శ్రీరామనవమికి కూడా జరుగుతాయి కదా. సంక్రాంతి కుదరకపోతే శివరాత్రి అన్న ఒక్క వాక్యం ఆయన చేత ఇప్పుడే ఒప్పిస్తే డిసెంబర్‌లో మీరు నిద్రపోగలరు. ఇప్పుడు నవ్వుతూ ఒప్పుకునే మాటే అప్పుడు అడిగితే గొడవవుతుంది.

ఆయన అడిగిన మిగతా రెండు. బండ మీద కంపెనీ పేరు వేయండి, అరపూట పని. నిజం పోటీల్లో కూడా దాతల పేర్లు ఫ్లెక్సీల నిండా ఉంటాయి కాబట్టి ఆటలో కలిసిపోతుంది కూడా. క్వారీ లెవెల్ మాత్రం అలా కాదు. కొత్త చోటు, కొత్త యంత్రాలు, పైగా ఎడ్లు క్వారీలో ఏం చేస్తున్నాయో కథ చెప్పాలి. అది కావాలంటే తప్పకుండా చేద్దాం, దాని బదులు రాత్రి పోటీలు తీసేయాలి, మీకు ఏది ఇష్టమో చెప్పండి అని ఆయన్నే అడగండి. ఖర్చు ఎదురుగా పెట్టి అడిగితే వ్యాపారులు త్వరగా అర్థం చేసుకుంటారు. నా అంచనా, మెనూ వెనకాల క్వారీ ఫొటో ఒకటి పెడితే ఆయన సరే అంటారు.

ఒప్పందం డ్రాఫ్ట్ రాశాక పేర్లు తీసేసి ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను. ఫీచర్ల లిస్టు కూడా పెట్టండి, ఒక్కోదాని ఎదురుగా ఎవరు చేస్తారు, ఎన్ని వారాలు అని రాసి. వారాలు రాయలేని లైన్లు ఉంటే వాటిని అలాగే ఖాళీగా వదిలేయండి, ముందు వాటి గురించే మాట్లాడదాం.